పన్నెండో రాడ్డు

ఉరవకొండకు అవతల ఒక మెట్ట ఊళ్లో తిప్పేస్వామి అనే బోరుబండి పనివాడు ఉండేవాడు, అందరూ తిప్పేసు అనేవాళ్లు. ఒంట్లో ఏనుగంత బలం ఉన్నా, వెనకాలే వస్తున్న తన నీడను కూడా అనుమానంగా తిరిగి చూసే రకం.

బోరుబండి వాళ్ల బతుకు ఎలాంటిదో చూసినవాళ్లకు తెలుసు. ఏడాదిలో పది నెలలు బండిమీదే. ఇవాళ రాయచూరు, ఎల్లుండి బీజాపూరు, వారం తిరిగేసరికి ఇంకో రాష్ట్రం. రాళ్ల పొయ్యిమీద వంట, లారీ కింద పడక. కూలి చేతికొస్తే దాచుకోవడానికి బీరువా లేదు సరికదా, ఆనుకోవడానికి గోడ కూడా లేదు. అందుకే వాళ్లందరికీ ఒకటే చింత. సంపాదించింది తమతో పాటు తిరగాలి, తిరుగుతూ తిరుగుతూ పోకుండా ఉండాలి.

తిప్పేసుకు ఈ చింత మరీ ఎక్కువ. ఒకసారి రైల్లో ఎవడో అతని సంచి అడుగు బ్లేడుతో కోసి ఎనిమిది నెలల కూలి ఎత్తుకుపోయాడు. ఇంకోసారి ఉంగరం దాచమని సొంత అన్నకిస్తే, అన్న దాన్ని తాకట్టు పెట్టి ఎద్దును కొన్నాడు. ఆ ఎద్దైనా బతికిందా? వానాకాలం రాకముందే చచ్చింది. అప్పటినుంచి తిప్పేసు మనుషుల మీద ఆశ వదిలేసుకున్నాడు.

అదే బండిమీద, అదే ఊరివాడు వన్నూరప్ప పనిచేసేవాడు. తిప్పేసు భార్య హనుమక్క అతన్ని అన్నా అని పిలిచేది. అందుకని మగవాళ్లిద్దరూ ఒకరినొకరు బావా అనుకునేవాళ్లు. వన్నూరప్ప బండి పక్కన నిలబడి లివర్లు తిప్పేవాడు. తిప్పేసు ఒక్కొక్క ఇరవై అడుగుల రాడ్డునూ తీగకు తగిలించి, పైకి లేపించి, కింది రాడ్డుకు బిగించేవాడు. ఒకటి భూమిలోకి దిగగానే ఇంకొకటి.

వన్నూరప్ప తన కూలిలో కొంత నెలనెలా ఇండెక్స్ ఫండులో వేసేవాడు. అదేమీ పెద్ద బ్రహ్మవిద్య కాదు. దేశంలో ఉన్న పెద్ద పెద్ద కంపెనీలు ఒక యాభై తీసుకుని, అన్నిట్లోనూ తలా పిడికెడు వాటా కొనిపెడతారు. ఒకటి మునిగితే ఇంకొకటి తేలుతుంది. మార్కెట్టు లేస్తే మనదీ లేస్తుంది, పడితే మనదీ పడుతుంది. ఫోను నంబరు, బ్యాంకు ఖాతా, మన తర్వాత ఎవరికి చెందాలో వాళ్ల పేరు, ఇవన్నీ రాసి ఇవ్వాలి. వన్నూరప్ప తన భార్య పేరు రాయించాడు. కూతురు నర్సింగు చదవాలని ఆ సొమ్ము కూడబెట్టేవాడు.

తిప్పేసు దారి వేరు. అతను క్రిప్టో కొన్నాడు. అది చేత్తో పట్టుకునే నాణెం కాదు, ఏ బ్యాంకులోనూ ఉండదు, లోకంలో ఉన్న కంప్యూటర్ల లెక్కల్లో ఉంటుంది. దానికి తాళంచెవి పన్నెండు ఇంగ్లీషు మాటలు. ఆ పన్నెండూ వరసగా చెప్పగలిగినవాడే దానికి యజమాని. ఏ దేశంలో దిగినా సరే, ఒంటిమీద బట్టలు తప్ప ఏమీ లేకపోయినా సరే, మాటలు గుర్తుంటే సొమ్ము ఉన్నట్టే. మరిచిపోతే మాత్రం దేవుడు దిగొచ్చినా తెరవలేడు.

"ఇది నాకోసమే పుట్టిందిరా!" అనుకున్నాడు తిప్పేసు.

మాటల్ని కాగితం మీద రాసుకోలేదు. కాగితం దొంగలపాలవుతుంది. ఫోన్లో ఉంచలేదు. ఫోనూ దొంగలపాలవుతుంది. పనయ్యాక ఫోన్లోని ఆ యాప్‌ను కూడా తీసిపారేసేవాడు. తొమ్మిదో తరగతితో ఆపేసినవాడికి పన్నెండు ఇంగ్లీషు మాటలు వరసగా ఎలా నిలుస్తాయి? దానికో ఉపాయం పన్నాడు. మొదటి రాడ్డు దిగేటప్పుడు మొదటి మాట. రెండో రాడ్డుకు రెండోది. రివర్, లెమన్, ల్యాడర్... అలా పన్నెండో రాడ్డు దిగేసరికి రెండొందల నలభై అడుగుల లోతూ వచ్చేది, మాటలూ అయిపోయేవి. పదమూడో రాడ్డుకు మళ్లీ మొదటినుంచి. కంప్రెసర్ మోతలో పక్కవాడు అరిచినా వినపడదు కాబట్టి ధైర్యంగా పెదాలు కదిపేవాడు. బండిమీద మిగతావాళ్లు, పాపం, గంగమ్మను తలుచుకుంటున్నాడనుకుని దండం పెట్టేవాళ్లు.

అన్నం దగ్గర కూర్చుంటే తిప్పేసు, వన్నూరప్పను ఆటపట్టించేవాడు.

"ఏం బావా, నీ ఎద్దులబండి యాడిదాకా వచ్చె?"

"వస్తాంది లే బావా. ఎద్దులు గదా, మేత మేస్తా వస్తాండాయి."

"నాది చూడు. ఉగాదికి కొంటి, దసరాకు రెండింతలాయె! రాకెట్టు బావా, రాకెట్టు!"

"అది మొన్న సగానికి పడిపాయెనని నువ్వే గదా అన్నం మానేసి పండుకుంటివి?"

"పడింది, మళ్లీ లేచింది. నీదాని మాదిరి సంతకం కావాల, నంబరు కావాల, సెలవురోజైతే పనిజెయ్యదు అనే రకం గాదు నాది. రాత్రీ పగలూ మేలుకొనే ఉంటుంది."

వన్నూరప్ప ముద్ద కలుపుతూ ఆగాడు. "సరే బావా, నీ సొమ్ము గొప్పదే. రేపు నీకేమన్నా అయితే హనుమక్క దాన్ని ఎట్ల తీస్తుంది?"

"నాకేమైతాది?"

"ఏమీ కాకూడదు. అయితే?"

"దానికి చెప్తే ఇంకేమన్నా ఉందా! హనుమక్క నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున చెప్తే పొద్దుగూకేలోపల ఊరంతా పన్నెండు మాటలూ పాడుతుంటారు."

"పోనీ సగం ఆమెకి, సగం ఇంకొకరికి చెప్పు. ఇద్దరూ కలిస్తేనే తాళం తెరుచుకుంటుంది గదా."

తిప్పేసు తల మీద వేలితో కొట్టుకుని చూపించాడు. "నా సొమ్ము ఈడ ఉంది బావా. ఇది ఎముకతో చేసిన బీరువా. ఏ దొంగ తెరుస్తాడో తెరవమను!"

ఆ మాటన్న మూడు వారాలకు, ఒక గురువారం పొద్దున, సోలాపూర్ దగ్గర దానిమ్మ తోటలో బోరు వేస్తున్నారు. ఏడో రాడ్డు పైకి లేచింది. తీగ పుటుక్కుమంది. రాడ్డు ఒక పక్కకు ఊగి, తిరిగి, తిప్పేసు తలకు తగిలింది. నెత్తిన హెల్మెట్టు ఉండబట్టి ప్రాణం మిగిలింది. మనిషి మాత్రం నరికిన మొద్దులా పడిపోయాడు.

వన్నూరప్ప జీపులో వేసుకుని సోలాపూర్‌లో పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. అప్పటికి మధ్యాహ్నం. డాక్టరు తలకు స్కానింగు తీయించి చూసి, హిందీలో నిదానంగా చెప్పాడు. లోపల రక్తం గడ్డ కట్టింది. మందులతో కొంచెం ఆపవచ్చు. ఆపరేషన్ మాత్రం తప్పదు, తొందరగా చేస్తే అంత మంచిది. సోమవారం దాటితే తన చేతిలో లేదు. ఖర్చు నాలుగు లక్షలు.

మన ఆరోగ్య కార్డు ఆ రాష్ట్రంలో చెల్లలేదు. బండి ఓనరు యాభైవేలు పంపించి, ఆ తర్వాత ఫోను ఎత్తలేదు. ఆ యాభైవేలు మొదటిరోజు మందులకే అయిపోయాయి.

హనుమక్క గుంతకల్లులో రైలెక్కింది, ఇంకా దారిలో ఉంది. వన్నూరప్ప గోడ గడియారం చూశాడు. రెండూ పది.

తిప్పేసు దగ్గర కనీసం ఏడు లక్షల క్రిప్టో ఉందని అతనికి తెలుసు. అమ్మితే గంటలో నగదవుతుందని కూడా విన్నాడు. తిప్పేసు జేబులోని ఫోను తీసి, తెలివిలేని అతని బొటనవేలు దానిమీద అద్దాడు. ఫోను తెరుచుకుంది. అటు వెతికాడు, ఇటు వెతికాడు. ఒక క్యాలెండరు, రెండు ఆటలు, హనుమక్క ఫోటో. అంతే. తిప్పేసు తన ఇల్లు తానే ఎంత శుభ్రంగా ఊడ్చుకున్నాడో!

అప్పుడు వన్నూరప్పకు సంగతి అర్థమైంది. తల బాగుచేయాలంటే డబ్బు కావాలి. ఆ డబ్బు ఉన్నది ఆ తలలోనే.

రెండున్నర అయింది. ఇక మిగిలింది తన ఫండు. దానికో నియమం ఉంది. మధ్యాహ్నం మూడులోపల అమ్మమని చెబితే ఆ రోజు లెక్కలోకి వస్తుంది, డబ్బు సోమవారం ఖాతాలో పడుతుంది. మూడు దాటిందా, శుక్రవారం లెక్కలోకి పోతుంది, డబ్బు మంగళవారం. డాక్టరు చెప్పింది సోమవారం.

ఫోన్లో తన సొమ్ము తెరిచి చూశాడు. ఆ రోజే మార్కెట్టు పడి ఉంది, అంకెలన్నీ ఎర్రగా ఉన్నాయి. ఉన్నది ఐదు లక్షలకు కాస్త తక్కువ. జూన్‌లో కూతురి నర్సింగు ఫీజు కట్టాలి. తిప్పేసు బతక్కపోతే ఈ డబ్బు తిరిగొచ్చే దారి లేదు. బతికినా, మాటలు గుర్తుండకపోతే అప్పుడూ లేదు.

కూతురికి ఫోను చేశాడు. సంగతి రెండు ముక్కల్లో చెప్పాడు.

అవతల ఆ పిల్ల అంది, "నాయనా, నర్సు అయ్యి నేను చేయాల్సింది ఇదే కదా. నువ్వు ముందే చెయ్యి."

రెండూ యాభైరెండు. అమ్మమని నొక్కాడు. మెసేజీలో వచ్చే నంబరు అడిగింది. మెసేజీ రాలేదు. ఆసుపత్రి లోపల సిగ్నలు వస్తూ పోతూ ఉంది! మెట్లమీదుగా కిందికి పరిగెత్తాడు, గేటు దాటి రోడ్డుమీదికి వచ్చాడు. రెండూ యాభైఐదుకు మెసేజీ వచ్చింది. చెమట వేళ్లతో ఒకసారి తప్పు కొట్టాడు. మళ్లీ తెప్పించాడు. రెండూ యాభైఎనిమిది. పచ్చని గుర్తు వెలిగింది. వన్నూరప్ప చెరుకురసం బండి పక్కన నేలమీద కూలబడిపోయాడు.

శుక్రవారం పొద్దున తిప్పేసు కళ్లు తెరిచాడు. పూర్తిగా కాదు, సగం. డాక్టరు హనుమక్కతో అన్నాడు, "ఈరోజే ఆపరేషన్ చేయగలిగితే అన్నిటికన్నా మేలు. డబ్బు అందుతుందా?"

హనుమక్క మంచం పక్కన వంగి మొగుడి నోటి దగ్గర చెవి పెట్టింది. "ఏమయ్యా, వినపడతాందా? ఆ పన్నెండు మాటలు చెప్పు. నీ ప్రాణానికే. చెప్పయ్యా."

తిప్పేసు పెదాలు కదిలాయి. "రి..." అన్నాడు. హనుమక్క ఇంకా దగ్గరికి వంగింది.

అంతలో అతని కళ్లు అలవాటుగా పక్కకు తిరిగాయి. అక్కడ నర్సు ఉంది. గుమ్మంలో వన్నూరప్ప ఉన్నాడు. ఎదురుగా సొంత భార్య చెవి ఉంది. ఒంటి స్పృహ లేదు, ఊరి స్పృహ లేదు, కానీ అనుమానం మాత్రం మేలుకొనే ఉంది. నోరు గట్టిగా మూసుకున్నాడు. పళ్లు కరకరమన్నాయి. కాసేపటికి మళ్లీ స్పృహ పోయింది.

హనుమక్క లేచి గోడకు తిరిగి నిలబడింది. "పద్దెనిమిదేండ్ల కాపురం అన్నా," అంది వన్నూరప్పతో. "చచ్చిపోతా కూడా నన్ను నమ్మల్యా."

"అది బావ గాదు తల్లీ, తలకు తగిలిన దెబ్బ," అన్నాడు వన్నూరప్ప. ఇద్దరికీ అది నిజం కాదని తెలుసు.

తర్వాత శనివారం. తర్వాత ఆదివారం. మార్కెట్లకు సెలవు, బ్యాంకులకు సెలవు. మెదడులోని రక్తం గడ్డకు మాత్రం సెలవు లేదు. వన్నూరప్ప సొమ్ము నిద్రపోతోంది. తిప్పేసు సొమ్ము మేలుకొనే ఉంది, దాన్ని పిలవగలిగినవాడే నిద్రపోతున్నాడు. ఆదివారం సాయంత్రానికి ఎడమ చెయ్యి కదలడం మానేసింది. డాక్టరు వచ్చి చూసి, "రేపు మధ్యాహ్నం లోపల," అన్నాడు.

సోమవారం తొమ్మిదైంది. పది అయింది. హనుమక్క తాళిబొట్టు తీసి కొంగున కట్టుకుని, తాకట్టు కొట్టు ఎక్కడుందో అడగడానికి లేచింది. అదమ్మినా నాలుగో వంతు రాదని ఆమెకూ తెలుసు. ఊరికే కూర్చోలేక లేచింది.

పదీ నలభైకి వన్నూరప్ప ఫోను జేబులో గజగజ వణికింది. చూశాడు. మళ్లీ చూశాడు. "హనుమక్కా! పడెనమ్మా! పడె!" అని అరిచాడు. ఆసుపత్రిలో అరవకూడదని బోర్డు ఉంది. ఆ రోజు ఎవరూ అతన్ని ఏమీ అనలేదు.

ఆపరేషన్ నాలుగు గంటలు పట్టింది. తిప్పేసు బతికాడు.

ఇక్కడితో కథ అయిపోతే బాగుండేది. నెల తర్వాత ఊరికొచ్చి మంచంమీద కూర్చున్న తిప్పేసుకు అన్నీ గుర్తున్నాయి. రైల్లో కోసిన సంచి గుర్తుంది, అన్న కొన్న ఎద్దు కొమ్ములు గుర్తున్నాయి. పన్నెండు మాటలు మాత్రం లేవు. రివర్ అని ఒకటి దొరికేది, దాని తర్వాత చీకటి. కళ్లు మూసుకుని కూర్చునేవాడు, తల పట్టుకునేవాడు.

"ఎముక బీరువా అంటి బావా," అన్నాడొక రోజు ఏడుస్తూ. "దొంగ రాలే. తాళం బీరువా లోపలే పడిపాయె. నీ బిడ్డ చదువు నేను మింగితి."

వన్నూరప్ప కూతురి ఫీజుకు మిగిలిన సొమ్ము చాలలేదు. ఆ ఏడు ఆమె కాలేజీలో చేరలేదు, ఇంటి దగ్గరే ఉండిపోయింది. ఒక్క మాటా అనలేదు. అనకపోవడమే తిప్పేసును కాల్చింది.

ఆగస్టులో పక్క చేను రైతు బసప్ప బోరు వేయించాడు. బండి వచ్చిందని విని తిప్పేసు కర్ర పట్టుకుని, హనుమక్క, వన్నూరప్ప తోడుగా చూడ్డానికి వెళ్లాడు. కంప్రెసర్ మొదలైంది. నేల అదిరింది. మొదటి రాడ్డు దిగింది. తిప్పేసు పెదాలు వాటంతటవే కదిలాయి. రివర్. రెండో రాడ్డు బిగించిన ఠంగుమన్న చప్పుడుతో పాటే, "లెమన్!" అన్నాడు.

తనే అదిరిపడ్డాడు. మాటలు తలలో లేవు, చెవుల్లో ఉన్నాయి! రాడ్డు చప్పుడు వింటే వస్తాయి.

ఇప్పుడేం చేయాలి? పెదాలు కదిపి ఊరుకుంటే మళ్లీ జారిపోతే? చుట్టూ చూశాడు. ఇరవైమంది జనం ఉన్నారు. ఒక్క క్షణం అతని దవడ పాత అలవాటుగా బిగుసుకుంది. వన్నూరప్ప అది చూశాడు. హనుమక్క కూడా చూసింది, చూసి తల దించుకుంది.

తిప్పేసు ఆమె చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగాడు. "రాసుకో!" అని అరిచాడు కంప్రెసర్ మోతను మించి. "నేను చెప్పేది రాసుకోమ్మే!"

కాగితం లేదు. వన్నూరప్ప, బసప్ప జేబులోంచి పెన్ను లాగి ఇచ్చాడు. హనుమక్క తన ముంజేతి మీదే తెలుగు అక్షరాల్లో రాయడం మొదలుపెట్టింది. మూడు. నాలుగు. ఏడో రాడ్డు పైకి లేచినప్పుడు తిప్పేసు చెయ్యి తలమీది మచ్చ మీదికి పోయింది, అయినా మాట వచ్చింది. తొమ్మిది. పది. పదకొండు.

పదకొండో రాడ్డు దిగుతుండగా బుస్సుమని నీళ్లు ఎగిశాయి. జనం కేకలు వేశారు. బసప్ప బురదలో గంతులేశాడు. "చాలు! ఆపండప్పా, ఆపండి! అడుగుకింత అని లెక్క, ఇంక దింపొద్దు!"

కంప్రెసర్ ఆగిపోయింది. తిప్పేసు నోరు తెరిచి నిలబడ్డాడు. పన్నెండో మాట లేదు.

"బసప్పన్నా, ఇంకొక్క రాడ్డు!"

"నీకేమన్నా పిచ్చా? నీళ్లు పడెగదా!"

"ఇరవై అడుగులు, ఆ డబ్బు నేనిస్తా. నీ కాళ్లు మొక్కుతా. ఒక్క రాడ్డు!"

బసప్ప అతని తలమీది కుట్ల మచ్చ చూశాడు, హనుమక్క చేతిమీది రాత చూశాడు. ఏమీ అర్థం కాలేదు. అయినా చెయ్యి ఊపాడు. మళ్లీ మోత లేచింది. పన్నెండో రాడ్డు తీగకు వేలాడుతూ పైకి పోయింది, నిలబడింది, దిగింది, ఠంగుమని కూర్చుంది.

"సాల్ట్!" అని అరిచి తిప్పేసు బురదలో కూర్చుండిపోయాడు.

హనుమక్క చివరి అక్షరం రాసి, నవ్వుతూ ఏడుస్తూ అంది, "నా నోట్లో నువ్వుగింజ నానదంటివే! ఇప్పుడు నువ్వే ఇరవైమంది ముందర అరిస్తివి."

"అరిస్తే అరిస్తిలే," అన్నాడు తిప్పేసు. "మూసుకున్న నోరే నన్ను చంపబోయె."

ఆ పూటే ఫోన్లో తాళం తెరిచారు. ఈ నాలుగు నెలల్లో రాకెట్టు బాగా కిందికి దిగింది, ఏడు లక్షలు నాలుగున్నర అయ్యాయి. వన్నూరప్ప అమ్ముకున్నది మాత్రం ఈలోపల మళ్లీ కొంత పెరిగింది. తిప్పేసు ఆ సంగతి కనుక్కున్నాడు. "ఎంత డబ్బు ఇచ్చావని అడగను బావా, ఎన్ని వాటాలు అమ్మినావో చెప్పు. అన్నీ ఈరోజు ధరకే కొనిపెడతా," అని కొనిపెట్టాడు. మరుసటి ఏడు వన్నూరప్ప కూతురు నర్సింగులో చేరింది.

మిగిలిన కొద్దిలోనే తిప్పేసు కొంచెం క్రిప్టో ఉంచుకున్నాడు. దాని మీద అతనికి కోపమేమీ లేదు, అది చెప్పిన మాట ప్రకారమే నడుచుకుంది. కాకపోతే తాళం మార్చి కొత్త మాటలు తీసుకున్నాడు. ఆరు హనుమక్క దగ్గర, ఆరు వన్నూరప్ప దగ్గర. తక్కినది ఇండెక్స్ ఫండులో వేసి, తన తర్వాత ఎవరికి అన్నచోట హనుమక్క పేరు తానే పెద్ద అక్షరాలతో రాశాడు.

నీతి: సొమ్ము మోసుకుపోవడానికి తేలిగ్గా ఉంటే చాలదు, మోసేవాడు పడిపోయిన రోజున, అతను నమ్మినవాళ్లు ఎత్తుకోగలిగేదే సొమ్ము.